వాడికి నచ్చే ఊరు

అయినా బస్సులు సరిగ్గా లేని ఊరు వాడికెందుకు నచ్చుతుంది? అరికాళ్ళలో చక్రాలున్నవాడు. కాలేజీ ఉన్న ఊరైతేనే బతకబుద్ధేస్తుందని ఎన్నిసార్లు అన్నాడో.

మొదటి ఊరిని ఆమె అందుకే కొట్టేసింది. కాలేజీ పెద్దదే. కానీ చీకటి పడితే బస్సులుండవు, షట్టర్లన్నీ దిగిపోతాయి. ఆ తర్వాత కుర్రాళ్ళకు గది గోడలే దిక్కు. రెండో ఊళ్ళో సినిమా హాళ్ళు బోలెడు. కానీ ఎటు చూసినా గుంపులే. ఒంటరిగా కూర్చుంటే పదిమందీ తల తిప్పి చూసే ఊరది. వాడక్కడ ఒక్క పూట ఇమడడు.

ఇది మూడోది. బస్టాపు బెంచీ మీద కూర్చుంది. ఎదురుగా సినిమా హాలు, పక్కన పాత పుస్తకాల కొట్టు, కాఫీ బండి. బస్సు దిగే ప్రతి కుర్రాడి భుజాలనూ కంటితోనే కొలుస్తోంది. పాతికేళ్ళుగా మిషను తొక్కుతున్న మనిషి. వీపు కనిపిస్తే చాలు, టేపు అక్కర్లేదు.

ఫోను మోగింది. భర్త.

"ఎలా ఉంది ఊరు?"

"బాగానే ఉంది. వాడికి నచ్చే ఊరే."

"అడిగావా?"

"లేదు."

"రెండు ఊళ్ళు తిరిగొచ్చావు. అసలు మాట గొంతులోనే పెట్టుకునొస్తే ఎలాగే? నోరు తెరవకపోతే ఎవరు చెప్తారు?"

"అడుగుతాలే."

ఆమె గొంతులో విసుగు లేదు, దిగులూ లేదు. కొన్నాళ్ళుగా ఏదీ లోపలిదాకా వెళ్ళడం లేదు. తిమ్మిరెక్కిన కాలిని ఎవరో తొక్కినట్టు, తెలుస్తుంది గానీ నొప్పి ఉండదు. అడిగితే లేదంటారు. లేదంటే ఆ ఊరు అయిపోయినట్టే. అడగనంతవరకూ ఊరు మిగిలే ఉంటుంది.

బెంచీ అవతలి కొసన కూర్చున్న కుర్రాడు చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు తీశాడు.

"అడ్మిషన్ కోసమా ఆంటీ?"

"మా అబ్బాయికి ఈ ఊరు పడుతుందా లేదా అని చూస్తున్నా బాబూ."

"పడకేం! పాసుంటే బస్సులో ఊరంతా తిరగొచ్చు. ఆ హాల్లో పొద్దుటాట సగం టిక్కెట్టే. ఏ గ్రూపు?"

"తెలీదు."

కుర్రాడు పకపకా నవ్వాడు. "గ్రూపు తెలీకుండా సినిమా హాళ్ళు చూస్తున్నారా! మా అమ్మయితే హాస్టల్లో మంచం కింద కూడా వంగి చూసింది గానీ, సినిమా ఊసెత్తితే వీపు విమానం మోత మోగించేది. మీ కడుపున పుట్టాల్సింది నేను!"

ఆమె కూడా నవ్వబోయింది. పెదాలు కదిలాయి, అంతే.

"ఇక్కడ ఒక్కడే తిరిగితే ఎవరైనా ఏమైనా అంటారా?"

"ఎవరి గోల వాళ్ళదాంటీ. ఆ హాలు మెట్ల మీద రోజంతా కూర్చున్నా పలకరించే నాథుడుండడు."

"మరి తిండి?"

"కొసరి వడ్డించేవాళ్ళెవరూ ఉండరు. ఆకలేస్తే తింటాం, బద్ధకమైతే పస్తు."

బస్సొచ్చి ఆగింది. కుర్రాడు సంచీ భుజానికి తగిలించుకున్నాడు. ఆమె ఇంకా తనవైపే చూస్తుంటే ఆగాడు.

"ఇంకేమైనా అడగాలా? ఫీజు సంగతా? మొహమాటపడకండాంటీ."

ఆమె లేచి, చేతిసంచిలోంచి ఒక ఫొటో తీసి అతని చేతిలో పెట్టి, "పోయిన వేసవిలో చెప్పకుండా ఇల్లొదిలి వెళ్ళిపోయాడు బాబూ, వీణ్ణి ఇక్కడెక్కడైనా చూశావా?" అని అడిగింది.