గాజు మీద పోగు

బరంపురంలో తమ పట్టుకొట్టుకి నియాన్ బోర్డు చేస్తున్న తవిటయ్య మీద మాణిక్యాంబకి మొదటినుంచీ అనుమానమే. ఇవాళ కొట్టులోనే గాజుగొట్టం మీద కాగితం ముక్క పెట్టి మాడుస్తున్నాడు.

“ఏటిది, సేతబడా, సిల్లంగా?”

“కాదమ్మా. కాయితం కమిలితే గాజు సరిగ్గా కాగినట్టు. అప్పుడే దీపం నిలుస్తాది.”

“కాయితం సరస్వతి, కాల్సకూడదు. ఇది పెట్టు.” కొట్టు మొత్తానికీ మేలైనదని భర్త ఏరి ఇచ్చిన తన పట్టుచీర కొంగు కుచ్చులోంచి పోగు తెంపి ఇచ్చింది.

తవిటయ్య కాగితం తీసేసి, పోగు పెట్టి కరెంటు ఇచ్చాడు. గాజు కాగింది, పోగు కమిలింది.

పట్టు కాలితే వెంట్రుకలు కాలిన కంపు రావాలి. ఈ పోగు కాగితం కాలిన వాసన వేసింది.

“ఈ గొట్టం ఏ అచ్చరం?”

“‘అసలు పట్టు’లో మొదటిదమ్మా.”

మాణిక్యాంబ గల్లాపెట్టె దగ్గరున్న భర్తకేసి చూసింది.

“ఐతే ఆ మాట ఎలిగించకు, తవిటయ్యా.”