గోళ్లు తిన్న ఎలుక

"గోళ్లు నేల మీద పడేయకే అంటే వినవేం?" అంటూ అత్తయ్య, గోళ్లు కత్తిరించుకుంటున్న నా కూతురు ఆరిన్ కాళ్ల దగ్గర కాగితం పరిచింది.

"ఇరవై మూడో అంతస్తుకి ఎలుకలెలా వస్తాయి నానమ్మా? లిఫ్టెక్కా?" ఆరిన్ నవ్వింది.

"నవ్వకు. గోళ్లు తిన్న ఎలుక ఆ మనిషి రూపమే ఎత్తుతుంది. ఇద్దరిలో అసలెవరో తేల్చడానికి, ఇంట్లో చెంచాలెన్నని అడిగారట. అప్పుడు..."

అత్తయ్య ఆగిపోయింది. ఈ మధ్య ఆమె కథలన్నీ ఇలాగే సగంలో జారిపోతున్నాయి.

"మిగతాది నువ్వు చెప్పు," అని ఆరిన్ షెల్ఫు మీది స్పీకరును అడిగింది. నిరుడు మా ఆయన డోక్యు, నెల రోజులపాటు వాళ్లమ్మ చేత కథలు చెప్పించి అందులోకి ఎక్కించాడు.

అచ్చం అత్తయ్య గొంతే, తడబాటు లేకుండా అందుకుంది. "నకిలీది లెక్క సరిగ్గా చెప్పింది తల్లీ. అసలు మనిషికి గుర్తు రాలేదు. అసలు మనిషినే ఇంట్లోంచి గెంటేశారు."

"నీకన్నా ఇదే బాగా చెబుతుంది నానమ్మా!"

అత్తయ్య స్పీకరు వంక చూసింది. గోళ్ల కాగితం మడిచి గుప్పిట్లో బిగించింది.

రాత్రి భోజనాల దగ్గర ఆమె బల్ల మీది చెంచాల్ని ఒక్కొక్కటే వేలితో తాకి లెక్కపెట్టసాగింది. ఉన్నవి నాలుగే. మూడు దగ్గర తడబడి మళ్లీ మొదలుపెట్టింది. నేను ఎవరి వంకా చూడకుండా పులుసు వడ్డించాను.

డోక్యు తలెత్తలేదు.

"అమ్మా, సోమవారం నుంచి నువ్వు వృద్ధాశ్రమంలో ఉంటావు. ఆరిన్‌కి కథల లోటేం ఉండదులే."