లస్కరు భార్య అర్జీ

"ఎవరికి అక్క? నదికి ఆవలి ఒడ్డున నాకు చెల్లెళ్ళెవరూ లేరు," అంది జింతనా, కాగితాల కట్టను వేలికొసతో వెనక్కి నెడుతూ.

కౌంటరు ముందు నిలబడ్డ మలైథోంగ్ ఆ మాటకు తల దించుకోలేదు. కట్టను మెల్లగా మళ్ళీ ముందుకు జరిపింది. జింతనాకు ఒళ్ళు మండింది. లావోస్ నుంచి పడవెక్కి వచ్చి, థాయ్ సర్కారు నౌకరును కట్టుకుని, ఇప్పుడు అదే సర్కారు ఖర్చుతో ఒళ్ళు బాగుచేయించుకుంటానని వచ్చిన మనిషికి ఈ అదురూ బెదురూ లేకపోవడమేమిటి?

జింతనా ఆ నీటిపారుదల ఆఫీసులో సిబ్బంది సెక్షన్ గుమాస్తా. ఉద్యోగుల పెళ్ళాం పేరో, మొగుడి పేరో, తల్లిదండ్రుల పేర్లో ఆవిడ కంప్యూటర్లో ఎక్కిస్తేనే వాళ్ళకు ఆస్పత్రిలో సర్కారు వైద్యం. ఎక్కించకపోతే లేదు. పద్దెనిమిదేళ్ళుగా ఆ ఒక్క మీట మీదే ఆవిడ బడాయంతా. నిజానికి ఆవిడ నాయనమ్మదీ ఆవలి ఒడ్డే. ఇంట్లో మాట్లాడేదీ ఆ భాషే. ఆఫీసు మెట్లెక్కగానే మాత్రం టీవీలో వార్తలు చదివేవాళ్ళలా బాంకాక్ యాస తగిలించుకుంటుంది.

మలైథోంగ్ మొగుడు సనిత్ అరవై కిలోమీటర్ల అవతల కాలవ తూము దగ్గర లస్కరు. పెళ్ళి రిజిస్టరై ఉంటే విదేశీ భార్యకూ వైద్యం హక్కు ఉంది. కానీ ఇన్నాళ్ళూ అవసరం పడక ఆమె పేరు ఎవరూ ఎక్కించలేదు. ఇప్పుడు పడింది. రేపు పొద్దునే ఆపరేషన్. ఇవాళ సాయంత్రంలోగా పేరు ఎక్కకపోతే ఆపరేషన్ గదిలోకి తీసుకోబోమని ఆస్పత్రి వాళ్ళు చెప్పేశారు.

తప్పు ఎక్కడో ఒకచోట దొరక్కపోతుందా అని జింతనా కాగితాలు తిరగేసింది. పెళ్ళి రిజిస్టరు నకలు ఉంది, తొమ్మిదేళ్ళ కిందటిది. విదేశీయులకిచ్చే గులాబీ రంగు కార్డు ఉంది. విదేశీయురాలు ఇక్కడే కాపురం ఉంటోందని రుజువు చేసే పసుపు రంగు ఇంటి పుస్తకమూ ఉంది. ఆ పుస్తకం కోసం తెల్లవాళ్ళను కట్టుకున్న టీచరమ్మలే నెలల తరబడి తిరుగుతారు, ఈమెకెలా దొరికిందో! అడుగున ఆస్పత్రి ఉత్తరం, రెండు పేజీలు. మొదటి పేజీలో మలైథోంగ్, నలభై మూడేళ్ళు, కిడ్నీ ఆపరేషన్ అని కనబడగానే జింతనాకు విషయమంతా అర్థమైపోయింది. రెండో పేజీ తిప్పలేదు.

"కిడ్నీ ఆవల పాడు చేసుకోవడం, ఈవల బాగుచేయించుకోవడం. మంచి ఏర్పాటే," అంది పక్క బల్ల దగ్గరున్న నిపాతో. బొప్పాయి పచ్చడిలో ముద్ద అద్దుకుంటున్న నిపా కిసుక్కున నవ్వింది. పోయిన నెల ఒక ఇంజనీరమ్మ తన జర్మనీ మొగుణ్ణి వెంటబెట్టుకుని అతని మోకాలి చిప్పల ఆపరేషన్ కోసం వచ్చినప్పుడు ఈ ఇద్దరే లేచి నిలబడి ఆయనకు కుర్చీ వేశారు. చల్లటి కాఫీ తెప్పించారు. పావుగంటలో పేరు ఎక్కించి నమస్కారం కూడా పెట్టారు. లావో మనిషికి కుర్చీ ఏమిటి?

"అది కాదమ్మా, ఆ కిడ్నీ..." అని మలైథోంగ్ ఏదో చెప్పబోయింది.

"కథలొద్దు. కాగితాలు చాలు."

కాగితాల్లో చివరికి ఒకటి దొరికింది. అర్జీ మీద సనిత్ సంతకం ఉంది, సనిత్ మాత్రం లేడు. ఉద్యోగి స్వయంగా వచ్చి తన కళ్ళెదుట సంతకం పెట్టాల్సిందేనంది జింతనా. అలాంటి నియమం ఏ సర్క్యులర్లోనూ లేదు, అప్పటికప్పుడు పుట్టించింది. ఆయన వచ్చే స్థితిలో లేరని మలైథోంగ్ చెప్పింది.

"పట్టపగలే అంత పట్టించాడా? ఈ లస్కర్లంతా ఇంతే. కాపలా కాసేది కాలవకి, మునిగేది సారాలో."

నిపా మళ్ళీ నవ్వింది. మలైథోంగ్ మొహం జేవురించింది, గొంతు మాత్రం పెరగలేదు. పన్నెండు కొట్టగానే జింతనా, నిపా కౌంటరు మూసి కునుకు తీశారు. ఒంటిగంటకు తెరిచేసరికి ఆమె అక్కడే, అలాగే నిలబడి ఉంది.

"నన్నెన్నయినా అనండి, పడతాను. పేరు మాత్రం ఇవాళ ఎక్కించండి. రేపు తప్పితే మళ్ళీ రెండు నెలల దాకా డాక్టరుగారికి కుదరదట. అన్నాళ్ళు ఆగే పరిస్థితి లేదు."

"ఆగలేకపోతే పడవలున్నాయిగా. మీ వైపు ఆస్పత్రుల్లేవా?"

అక్కడితో వదిలేసినా సరిపోయేది. కానీ ఈ మొండి మనిషి నేరుగా వెళ్ళి డాక్టరు కాళ్ళావేళ్ళా పడి పని కానిచ్చుకుంటుందేమోనని జింతనాకు అనుమానం వచ్చింది. సర్కారు సొమ్ము తన పుట్టింటి నుంచి తెచ్చినదైనట్టు ఆవిడకు ఎక్కడలేని బాధ. ఫోనెత్తి ఆస్పత్రి నంబరు నొక్కింది. విని బుద్ధి తెచ్చుకుంటుందని స్పీకరు కూడా పెట్టింది.

ఆపరేషన్ల వార్డు నర్సు పలికింది. జింతనా యాస సవరించుకుంది.

"రేపటి మీ జాబితాలో మలైథోంగ్ అని ఒక లావో ఆవిడ ఉంది కదండీ. మా ఆఫీసు తరఫున ఆవిడకు ఏ హక్కూ లేదు. పేరు కొట్టేయండి."

మలైథోంగ్ కౌంటరు అంచు గట్టిగా పట్టుకుంది. ఫోనులో కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది. ఖాయంగానేనా అని నర్సు రెండుసార్లు అడిగింది. ఖాయమేనని, కావాలంటే ఆఫీసు ముద్ర వేసి రాసి పంపిస్తానని జింతనా హామీ ఇచ్చింది.

"అక్కర్లేదండీ, కొట్టేశాను," అంది నర్సు. "మరి రేపు మీ లస్కరు సనిత్ గారికి కిడ్నీ ఇచ్చేది ఇంకెవరో వాళ్ళ పేరు చెప్పండి, రాసుకుంటాను."