తొలిచూలు

“కదలనివ్వకు, గట్టిగా పట్టుకో,” అంది పశువుల డాక్టరమ్మ, కొట్టం బయట కట్టేసిన ఆవు పొదుగు కిందికి చెయ్యి పోనిస్తూ.

కోడలు పలుపు బిగించి పట్టుకుంది. ఇరవై రోజుల బాలింత. ఎండ కాస్తున్నా శాలువా తియ్యలేదు. గుమ్మంలో అత్త, ఆమె చేతుల్లో పసిపాప.

డాక్టరమ్మ వెనక కుడి చన్ను నుంచి నల్ల మూకుడులోకి రెండు ధారలు పిండింది. పాలల్లో తెల్లటి పలుకులు తేలాయి.

“పొదుగువాపు. తొందరగానే పిలిచారు, భయం లేదు. మూడు రోజులు చన్నులోకి మందు ఎక్కించాలి. ఈ చన్ను పాలు పారబోయండి, దూడని దగ్గరికి రానివ్వకండి. పితికాక చన్నులు మందునీళ్లలో ముంచి, ఓ అరగంట ఆవుని పడుకోనివ్వకండి. కాసిని వేడినీళ్లు తెస్తారా?”

“నిన్నట్నించి నాకు ముద్ద దిగలేదనుకోండి,” అంటూ అత్త పాపతో లోపలికి వెళ్లింది.

ఆమె అటు వెళ్లగానే కోడలు గొంతు తగ్గించింది. “మేడమ్, ఇంకోదానికి కూడా ఇలాగే ఉందండీ.”

“ఏదీ, చూద్దాం పద.”

“ఇప్పుడొద్దండీ. చెయ్యి వేస్తే ఓర్చుకోలేదు.”

“ఎన్నో ఈత?”

“తొలిచూలే.”

“జ్వరముందా?”

“రెండ్రోజులుగా. వణుకు కూడా. ఎడమవైపు ఎర్రబడి రాయిలా అయిపోయింది.”

“ఎడమంటే ముందుదా, వెనకదా?”

కోడలు తడబడింది. “సరిగ్గా... చూళ్లేదండీ.”

డాక్టరమ్మ కొట్టంలోకి ఓసారి తొంగిచూసింది. తర్వాత కోడలి ముఖంలోకి చూసింది. “ఇంట్లో చెప్పలేదా?”

“ఎలా చెప్పాలో తెలీలేదండీ. పాలు ఎండిపోతాయా? కోసెయ్యాలంటారా?” కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

“పిచ్చిదానా, ఎవరు చెప్పారు నీకు? చక్కగా తగ్గిపోతుంది. పాలు తాగించడం మాత్రం మానొద్దు.”

“ఇందాక దూడని రానివ్వొద్దన్నారుగా?”

“అది వేరు, ఇది వేరు. దీని మందు నా సంచిలో లేదు. మా అక్కా డాక్టరే, తన దగ్గరుంది. ఇవాళే వెళ్లు.” అడ్రసు రాసి చీటీ చేతిలో పెట్టింది.

పాపని లోపల పడుకోబెట్టి అత్త వేడినీళ్లు తెచ్చింది.

“అమ్మా, మందులకి మీ కోడల్నే పంపండి. ఎలా వాడాలో మా అక్క తనకే చెప్పాలి. పాపనీ తీసుకెళ్లనివ్వండి.”

“దాని ఆరోగ్యం కంటేనా! ఇప్పుడే ఆటో పిలుస్తాను,” అంది అత్త, ఆవు వీపు నిమురుతూ.

మూడో రోజు డాక్టరమ్మ మళ్లీ వచ్చింది. చన్ను మెత్తబడింది. మూకుడులోకి పాలు పలుకుల్లేకుండా జారాయి. “హమ్మయ్య,” అంటూ అత్త దూడకి గడ్డి వెయ్యడానికి వెళ్లింది.

“మరి రెండోదాని సంగతి?” అడిగింది డాక్టరమ్మ, మెల్లగా.

కోడలి ముఖం తేటపడి ఉంది. “జ్వరం పోయిందండీ. వాపు కూడా దిగిపోతోంది. పొద్దున పిల్ల కడుపునిండా తాగి పడుకుంది.”

డాక్టరమ్మ నవ్వి సంచి సర్దుకుంది.

ఆ ఇంటికి ఉన్నది ఒక్కటే ఆవు.