నాలుగో పేరు

"ముహూర్తం పదకొండూ ఇరవైకి. ఈలోపు ఆ చక్రం తిరగడం ఆగాలి," అన్నాడు ఏడుకొండలు.

సుఫియాన్ గోడగడియారం చూశాడు. పదకొండు దాటి అయిదు నిమిషాలు. యాభై అయిదు అంగుళాల కొత్త టీవీలో ఒక పెళ్లి. పెళ్లికూతురు తల సగం ఎత్తి ఆగిపోయింది. ఆమె ముక్కు మీద తెల్లటి చక్రం తీరుబడిగా తిరుగుతోంది.

ఇంటర్నెట్ కంపెనీలో చేరిన నాలుగేళ్లలో సుఫియాన్ ఇలాంటి చక్రాలు చాలానే చూశాడు. క్రికెట్ ఆగిపోతే జనం నానా బూతులూ తిడతారు. ఈయన తిట్టడం లేదు. పట్టుపంచె కట్టుకుని, నొసట బొట్టు పెట్టుకుని, టీవీ ముందు కుర్చీలో బిగుసుకుని కూర్చున్నాడు. పక్కన భార్య కమలకుమారి, పట్టుచీరలో, ఒళ్లో అక్షింతల పళ్లెంతో.

మూఢం పోయాక మొదటి ముహూర్తం అది. మలక్‌పేట నుంచి కంచన్‌బాగ్ వచ్చేసరికి సుఫియాన్‌కి తాతలు దిగొచ్చారు. గల్లీకో షామియానా, సందుకో బ్యాండు. ఈ గల్లీలోనూ ఒక షామియానా అడ్డంగా వేసి ఉంటే బండి మలుపులోనే పెట్టి, సంచి భుజాన వేసుకుని నడిచొచ్చాడు.

"ఏడయితుంది సార్ పెండ్లి?"

"దూరం. వెళ్లే దారి లేదు."

"మీ బిడ్డనా?"

"తమ్ముడి కూతురు. నీహారిక. పదేళ్లొచ్చేదాకా నా కంచంలోనే తింది. దాని మెడలో తాళి పడటం చూడాలి. అంతే. మొహం స్పష్టంగా కనబడాలనే ఈ టీవీ కొన్నాను."

సుఫియాన్‌కి జాలేసింది. మోకాళ్ల నొప్పులేమో, ప్రయాణం పడదేమో అనుకున్నాడు.

వైఫై డబ్బా బీరువా మీద, దేవుడి పటాల వెనక ఉంది. "ఒక్కపారి బంద్ చేసి ఆన్ చేస్త సార్."

"ఆపకు బాబూ. ఆ రెండు నిమిషాల్లో ఏది పోతుందో ఏమో."

"గట్లయితే క్వాలిటీ జర తగ్గిస్త. ఆగకుండ నడుస్తది."

"వద్దు. మొహం అలుక్కుపోతుంది."

అదీ వద్దు, ఇదీ వద్దు. ఇంక వాడేం చేస్తాడు? సంచిలోంచి వైరు తీసి డబ్బా నుంచి టీవీకి నేరుగా లాగాడు. స్టూలెక్కితే ఫ్యాను తలకి తగిలేలా ఉంది. ఆ ఫ్యాను గది మధ్యలో లేదు. దాని రెక్కలు టీవీ తగిలించిన గోడకి జానెడు దూరంలో తిరుగుతున్నాయి. గదిలో ఆ గోడ ఒక్కటే కొత్తది. ఇటుకల మీద పూత కూడా పడలేదు. ఎవడో బుద్ధిలేని మేస్త్రీ అనుకున్నాడు సుఫియాన్.

వైరు వేసినా చక్రం ఆగలేదు. ఫోన్‌లో స్పీడు చూశాడు. వంద రావాల్సిన చోట ఆరు వస్తోంది. బయటి లైన్‌లో లోపమేం లేదు. అంటే తినేవాడు లోపలే ఉన్నాడు.

డబ్బాకి కనెక్టయిన వాటి జాబితా తెరిచాడు. తన ఫోన్ కాక నాలుగు పేర్లు. టీవీ. ఆయన ఫోన్. ఆమె ఫోన్. నాలుగోది ఒక ల్యాప్‌టాప్.

"మా ఇంట్లో ల్యాప్‌టాపే లేదే," అన్నాడు ఏడుకొండలు.

"మరి ఎవలో మీ వైఫై వాడుతున్నరు సార్. ఏవో పెద్ద పెద్ద ఫైళ్లు పైకి ఎక్కిస్తున్నరు. లైనంత ఆళ్లకే పోతుంది."

ఏడుకొండలు మొహం కందగడ్డయింది. "చూశావా? నాదంటే ప్రతివాడికీ అలుసే. జానెడు జాగా అయినా అంతే, గాల్లో పోయే ఇంటర్నెట్టయినా అంతే. తీసెయ్ దాన్ని."

"పోనీలెండి," అంది కమలకుమారి. ఆమె నోరు విప్పడం అదే మొదలు. "ఎవరో పాపం. ఈ ఒక్క గంటా వాడుకోనివ్వండి."

"నువ్వూరుకో. నీ మెతకదనం వల్లే ఇంతదాకా వచ్చింది."

"ఏమండీ, నా మాట వినండి."

"తీసెయ్ అబ్బాయ్. మళ్లీ ఎక్కకుండా తియ్."

సుఫియాన్ ఆమె వంక చూశాడు. ఆమె పళ్లెంలోకి చూస్తోంది. కనెక్షన్ ఆయన పేరు మీద ఉంది. ఆయన మాటే చెల్లాలి. నాలుగో పేరు మీద వేలు పెట్టి బ్లాక్ చేశాడు.

చక్రం మాయమైంది. స్పీడు తొంభై ఎనిమిది. నీహారిక మొహం టీవీ నిండా వెలిగింది. కళ్లకాటుక, నుదుట బాసికం, గడ్డం కింద చిన్న మచ్చతో సహా కనబడుతున్నాయి.

"అదిగో, ఉయ్యాల మీంచి పడ్డప్పటిది," అన్నాడు ఏడుకొండలు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

పెళ్లికూతురు మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తోంది. పురోహితుడు తాళి అందించాడు. పెళ్లికొడుకు లేచి నిలబడ్డాడు.

టీవీ నల్లబడింది. ఈసారి చక్రం కూడా లేదు. ప్రసారం ఆగిపోయిందని ఒక్క ముక్క వచ్చింది, అంతే.

"ఏం చేశావయ్యా?"

"నేనేం చెయ్యలే సార్. మన లైన్ మస్తుగుంది. అవతలోళ్ల తాననే ఆగిపోయింది."

బయట ఎక్కడో గట్టిమేళం అందుకున్నారు. ఏడుకొండలు రిమోట్ అందుకుని నొక్కసాగాడు.

"పెళ్లి వీడియో తీసే అతని ల్యాప్‌టాప్‌కి సిగ్నల్ అందడం లేదని నీహారిక అడిగితే మన పాస్‌వర్డ్ ఇచ్చింది నేనేనండీ," అంటూ కమలకుమారి లేచి, పళ్లెంలోని అక్షింతలు గుప్పిట నిండా తీసుకుని, గోడ అవతల మరిది వాటాలో పీటల మీదున్న పిల్లకి అందాలన్నట్టు, ఆ ఇటుకల మీదికి చల్లింది.