వెనక సందు

“రోడ్డు వైపు రూము తీసుకోవద్దమ్మా. ఎనకవైపుది అడుగు.”

తాళం చెవి అందుకుంటున్న సాజిదా ఉలిక్కిపడింది. లాడ్జి కౌంటరు పక్కన మాసిన పంచెతో ఒక పెద్దాయన.

“ముందర లారీల మోత. పాపకు నిద్రుండదు. పరీక్షకేనా?”

వీడికెందుకు? కూతురి చెయ్యి పట్టుకుని గబగబా మెట్లెక్కింది సాజిదా.

మొగుడు కువైట్‌లో ఉన్నాడు. వీరపునాయునిపల్లె నుంచి తల్లీకూతుళ్లిద్దరే ప్రొద్దుటూరు వచ్చారు. మర్నాడు పొద్దున ఇరమ్‌కి ఎంట్రెన్స్ పరీక్ష. నిమిషం ఆలస్యమైనా గేటు మూసేస్తారు. ఈసారీ తప్పితే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తానని వాళ్ల నాన్న ఫోన్లోనే తేల్చేశాడు.

కాసేపటికి తలుపు చప్పుడైంది. అదే మనిషి!

“నాది ఎనకవైపు రూము. సద్దుండదు. మీరు దాంట్లోకి రాండి, నేను ఈడికొస్తా.”

“మాకేమొద్దు. పో అప్పా!”

గొళ్లెం పెట్టి, కుర్చీ కూడా అడ్డం వేసింది.

“అమ్మీ, మంచి మాటే కదా చెప్తాండాడు?”

“నోర్ముయ్. ఊరకే మంచి చేసేటోళ్లు యాడుంటారే?”

సాయంత్రం టీకి కిందికి దిగుతుంటే, మెట్ల మలుపులో అతని గొంతు వినిపించింది. ఫోన్లో ఎవరితోనో అంటున్నాడు.

“తల్లీ బిడ్డా ఇద్దరే ఉండారు. మగతోడు లేదు. పొద్దున్నే ఆటో ఎనక సందులో పెట్టు. ముందరికి రావద్దు.”

సాజిదా ఒక్క పరుగున కౌంటరు దగ్గరికెళ్లింది.

“ఆ ముసలోణ్ణి పంపిస్తావా, పోలీసోళ్లను పిలవమంటావా?”

క్లర్కు జనార్దన్ ఆ లాడ్జికి కొత్త. గొడవెందుకని పెద్దాయన చేత అప్పుడే రూము ఖాళీ చేయించాడు.

పెద్దాయన సంచి తగిలించుకుని సాజిదా వైపు తిరిగాడు.

“ఎనక మెట్లు వంటింటి పక్కనుండాయమ్మా.”

“ఛీ! ఇంకా సిగ్గు రాలేదా?” అందరూ వినేలా అంది సాజిదా.

తెల్లారింది. లాడ్జి ముందు మార్కెట్టు లోడు లారీలు, బస్సులు బిగుసుకుపోయి ఉన్నాయి. రోజూ ఇంతేనట. ఒక్క ఆటో కదిలితే ఒట్టు.

ఇరమ్ ఏడుపు మొదలుపెట్టింది. “అమ్మీ, ఎనక సందు...”

ఇంకో దారి లేదు. అల్లాను తలుచుకుంటూ వంటింటి పక్క మెట్లు దిగింది సాజిదా.

ఖాళీ సందులో ఆటో సిద్ధంగా ఉంది.

“పరీక్ష పాపేనా? ఎక్కండక్కా” అన్నాడు డ్రైవరు శివప్రసాద్.

దారి పొడుగునా కూతుర్ని వాటేసుకునే కూర్చుంది సాజిదా. ఆటో తిన్నగా పరీక్ష సెంటరు ముందే ఆగింది. గేటు ఇంకా తెరిచే ఉంది. ఇరమ్ లోపలికి పరుగెత్తింది.

సాజిదాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

“ఆ పెద్దాయన యాడుండాడప్పా?”

“సిద్దయ్య మామనా? ఏటా ఈ పరీక్షప్పుడు వచ్చి ఆ లాడ్జిలోనే దిగుతాడు. రాత్రి బస్టాండులో పండుకున్నాడు. ఇందాకే జమ్మలమడుగు బస్సెక్కినాడు.”

శివప్రసాద్ ఫోన్ తీశాడు. “మామా, పాప లోపలికి పోయింది.”

అవతల ఆయన ఏడుపు సాజిదాకు కూడా వినిపించింది.

“అయ్యో, ఎందుకేడుస్తాండాడు? మా ఇరమ్ ఆయనకేమవుతుందని?”

శివప్రసాద్ గేటు వైపు చూస్తూ చెప్పాడు.

“మూడేండ్ల కింద ఆయన బిడ్డా ఆ ముందర రూములోనే దిగింది. లారీల్లో ఇరుక్కొని వచ్చేసరికి ఇదే గేటు మూసేసినారు. ఈడి నుంచి ఆ పాప మళ్లా ఇంటికి పోలేదక్కా, పెన్నాలో తేలింది.”