తలకిందుల సీసా

"సీసా ఇప్పుడే తవ్వుదాం," అన్నాడు పెళ్ళికూతురి తండ్రి థర్మన్. పార అప్పటికే చేతిలో ఉంది.

టై సర్దుకుంటున్న పెళ్ళికొడుకు రాయిస్ చేతులు ఆగిపోయాయి. "అదేంటి మామయ్యా! ప్రమాణాలు అయ్యాక కదా తవ్వేది?"

"నేను ముందే తవ్వుతాను."

"అది ఆనవాయితీ కాదేమో..."

"ఆనవాయితీ నాకు నేర్పొచ్చావా? నువ్వు పుట్టకముందు నుంచీ ఈ కౌంటీలో పెళ్ళిళ్ళకి సీసాలు పాతుతున్నాను."

కెంటకీలో అది అందరికీ తెలిసిన పద్ధతే. పెళ్ళికి నెల ముందు, ప్రమాణాలు చేసే చోటే, నిండు బోర్బన్ విస్కీ సీసాని తలకిందులుగా పాతిపెడతారు. అలా చేస్తే పెళ్ళినాడు వాన రాదు. బోర్బనే అయివుండాలి. ఇంకేం పోసినా ఆకాశం ఊరుకోదు.

ఆ నెలంతా ఒకటే వానలు. నిన్న సాయంత్రం దాకా పెరడు బురదబురదగా ఉంది. ఇవాళ మాత్రం ఆకాశం తోమిపెట్టిన పళ్ళెంలా మెరుస్తోంది. వాల్‌నట్ చెట్టు కింద వేసిన కుర్చీల్లో చుట్టాలు కూర్చుని హామ్ ముక్కలు నములుతున్నారు.

"చూశావా బావా!" అని కేకేశాడు థర్మన్ బావమరిది క్లీటస్. "మబ్బు తునకైనా లేదు. నీ సీసాకి మేఘాలు కూడా తాగి పడిపోయినట్టున్నాయి!"

థర్మన్ పైకి చూశాడు. నవ్వలేదు. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

పెళ్ళికూతురు లోర్నా తెల్లగౌను కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వసారాలోకి వచ్చింది. ఆమె కూడా ముందు ఆకాశమే చూసింది.

"ఏంటలా చూస్తున్నావు?" అన్నాడు రాయిస్.

"మబ్బేమైనా పట్టిందేమోనని."

"పిచ్చిదానా, ఎండ కాస్తుంటే సంతోషించాలి గాని!"

లోర్నా ఇంకోసారి ఆకాశం వంక చూసింది.

రాయిస్‌కి దాహంగా ఉంది. కేకు పక్కన రిబ్బను కట్టిన గాజు జాడీ ఒకటి కనబడింది. లోపల గోధుమరంగు నీళ్ళు. చెయ్యి చాపాడు. "టీయా మామయ్యా?"

"ముట్టుకోకు. నీకోసమే పెట్టాను. ప్రమాణాలయ్యాక తీసుకో."

ముసలాయన పెళ్ళికానుకగా టీ ఇస్తాడా అనుకున్నాడు రాయిస్. నవ్వడానికి తీరిక లేదు. పార నేలలోకి దిగింది.

భూమిలో ఉన్నది మామూలు సీసా కాదు. థర్మన్ ముప్పై ఒక్క ఏళ్ళు సీసాల మూతుల్ని లక్కలో ముంచిన డిస్టిలరీ ఎప్పుడో మూతబడింది. ఆఖరి రోజున ఆయన ఇంటికి తెచ్చుకున్న సీసా అది. దానిలాంటి దానికోసం రాయిస్ తొమ్మిదేళ్ళు పాత దుకాణాలూ, చనిపోయినవాళ్ళ అటకలూ గాలించాడు. ఈ గడప మొదటిసారి తొక్కింది కూడా దానికోసమే. తలుపు తీసింది లోర్నా.

ఆ సీసాని తలకిందులుగా గుంటలో దింపుతుంటే, పసిబిడ్డని కాళ్ళు పట్టుకుని వేలాడదీసినట్టు అనిపించింది రాయిస్‌కి. నెలరోజులు సరుకులో నానితే బిరడా కుళ్ళిపోదూ? ఆ మాటే చెప్పాడు. థర్మన్ వినలేదు.

రెండు ఆదివారాలు గడిచాక, అందరూ చర్చికి వెళ్ళినప్పుడు, తలనొప్పి అని రాయిస్ ఆగిపోయాడు. సీసాని తవ్వి తీశాడు. తన దగ్గరున్న అదే రకం ఖాళీ సీసాలో బోర్బన్ పోసి, లక్క వేసి, ఆ గుంటలోనే పాతాడు. చవకది పొయ్యలేదు, మంచిదే పోశాడు. అసలు సీసా ఇప్పుడు అతని అలమారలో, చొక్కాల మధ్య నిటారుగా ఉంది. లక్క మీద గోరు కూడా పెట్టలేదు. ఇది దొంగతనం కాదు, కాపాడుకోవడం. పదో పెళ్ళిరోజున లోర్నా ముందు పెట్టి నిజం చెబితే ఇద్దరూ పడీపడీ నవ్వుకోవచ్చు.

పారకి గాజు తగిలింది. థర్మన్ మోకాళ్ళ మీద కూర్చుని సీసా పైకి తీశాడు. మట్టి తుడిచి, మూతి చుట్టూ ఉన్న లక్కని బొటనవేలితో నెమ్మదిగా తడిమాడు.

చాకుతో లక్క గీకి బిరడా లాగాడు. ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తర్వాత కప్పులో కొంచెం వంచుకుని ఒక గుక్క తాగాడు.

"బోర్బనే," అన్నాడు.

"మరేముంటుంది బావా, పాస్టరుగారి మంత్రజలమా!" అన్నాడు క్లీటస్. అందరూ ఘొల్లున నవ్వారు. పాస్టరుగారూ నవ్వారు.

రాయిస్ గుండెల్లోంచి పెద్ద బరువు దిగిపోయింది. "బాగుందా మామయ్యా? చెడిపోలేదు కదా?"

"మంచి బోర్బన్." చావుకబురు చెప్పినట్టు చెప్పాడు థర్మన్. కప్పు కూతురి చేతికిచ్చాడు.

లోర్నా వాసన చూసింది. ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని కళ్ళు మూసుకుంది.

"పందెం నువ్వే గెలిచావు నాన్నా," అంది.

థర్మన్ పార అక్కడే పడేశాడు. బల్ల మీది జాడీ తీసుకుని, రిబ్బను పీకేసి, ఎవరివంకా చూడకుండా ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

"ఏంటిది? ఏమైంది?" అన్నాడు రాయిస్, ఇంకా సగం నవ్వుతూనే.

లోర్నా చేతిలోని పూలగుత్తిని కుర్చీలో పెట్టింది. ఎండ కళ్ళల్లో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పొద్దుటి నుంచీ ఒక్క చినుకు పడితే చాలని చూస్తూనే ఉన్నాను రాయిస్. నాన్న పాతకముందే, ఆ సీసాలోని బోర్బన్ జాడీలోకి వంపేసి, సీసాలో టీ కాచి పోసింది నేనే."